మూడో సీసా

బాబాయికి మోకాలి ఆపరేషన్ అయిన వారం, సముద్రపు నీళ్ళు పట్టుకొచ్చే పని కూడా ఆమె మీదే పడింది. ఒడ్డు వెంట ఐదు చోట్ల సీసాలు నింపి తేవడం బాబాయి పని, ల్యాబ్‌లో పరీక్ష చేయడం ఆమె పని. ఆమెకు ఈ పని నేర్పిందీ ఆయనే.

ఐదు చోట్లా నీళ్ళు తెచ్చి, పరీక్ష పళ్ళేలలో పోసి, రాత్రంతా వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్‌లో పెట్టింది. మర్నాడు పొద్దున దాన్ని తెరిచింది. నాలుగు పళ్ళేలలో ఒకటీ అరా నీలం చుక్కలున్నాయి. మూడోది పైకి తీసి చూసింది. సిరా ఒలకబోసినట్టు పళ్ళెమంతా నీలం! ఒక్కో చుక్కా మలంలో ఉండే బ్యాక్టీరియా గుంపు. అది పిల్లలు ఈత నేర్చుకునే చోటి నీళ్ళు.

వెంటనే అధికారికి ఫోన్ చేసి అక్కడ ఈత ఆపించింది. తన చేతి పొరపాటేమోనని మళ్ళీ నీళ్ళు పట్టి పెట్టింది. తెల్లారి చూస్తే మళ్ళీ అదే నీలం. పాత రిజిస్టర్లు తిరగేసింది. రెండేళ్ళుగా ఐదు చోట్లా దాదాపు ఒకే అంకెలు. ప్రతి పేజీ కిందా తన సంతకమే. 

సాయంత్రం బాబాయి ఇంటికి వెళ్ళింది. ఆయన కాలు దిండు మీద పెట్టుకుని కూర్చున్నాడు.

"బాబాయ్, మూడో సీసా ఎక్కడ నింపేవాడివి?"

ఆయన తల దించుకున్నాడు. "ఈ మోకాలితో అంత దూరం నడిచి, మూడో చోట రాళ్ళు దిగలేకపోయేవాణ్ణమ్మా. మొదటి చోటే ఐదూ నింపేసేవాణ్ణి. సముద్రమంతా ఒకటేగా అనుకున్నా."

"ఎన్నాళ్ళ నుంచి?"

"రెండేళ్ళు."

గుమ్మంలో పిన్ని చేతిలోని గ్లాసు జారి పడింది. "మనవరాలు ఈతకెళ్ళేదీ అక్కడేగా! వాంతులూ విరేచనాలూ అని ఆర్నెల్ల నుంచి దాన్ని చూపించని డాక్టర్ లేడు!"

బాబాయి దిండు మీంచి కాలు దించి ఆమెవైపు తిరిగాడు.  "నిజం రాసెయ్యి తల్లీ. నీ పేరు మాత్రం రానివ్వకు," అన్నాడు.

"ఎలా కుదురుతుంది బాబాయ్? అన్నీ ఒకేలా ఎందుకున్నాయని నేనూ ఒక్కసారైనా అడగలేదు."

ఇద్దరి పేర్లతోనే నివేదిక వెళ్ళింది. రాళ్ళ కింద పగిలిన మురుగు గొట్టం బయటపడింది. బాబాయి ఉద్యోగం పోయింది, ఆమెను వేరే విభాగానికి మార్చారు. మందులు మార్చాక మనవరాలు కోలుకుంది. ఊతకర్రతో నడవగలిగిన రోజున బాబాయి ఈత పిల్లల ఇళ్ళకు ఒక్కొక్కటిగా వెళ్ళడం మొదలుపెట్టాడు. కొందరు లోపలికి రమ్మన్నారు, కొందరు ముఖం మీదే తలుపేశారు.