మైదానంలో ఉండిపోయిన గొంతు

కచేరీ జరిగిన మర్నాడు ఆ ఇంట్లో మగగొంతు వినబడదు. పొద్దున్నే భార్య టీ కప్పు ఆయన ముందుంచి, "ఎలా జరిగిందండీ?" అని అడుగుతుంది. ఆయన బొటనవేలు ఎత్తి చూపిస్తాడు. బాగా జరిగితే రెండు బొటనవేళ్ళు. వాన పడి ఉంటే పది వేళ్ళూ కిందికి ఆడిస్తాడు. అంతకు మించి చెప్పడానికి గొంతు ఉండాలి కదా. అదింకా మైదానంలోనే ఉంటుంది.

ఆయన రేడియోలో ఉదయం ఏడు నుంచి పది దాకా పాటలు వేసేవాడు. ముప్పై ఏళ్ళ కిందట, ఉద్యోగంలో చేరిన కొత్తలో, మైకు ముందు పగలబడి నవ్వితే స్టూడియో అద్దం అదిరిందట. ఆనాటి నుంచి ఆయన అందరికీ ఉరుము. స్టూడియోలో ఎంత మాట్లాడినా ఏమీ కాదు, గొంతు ఆయనతోపాటే ఇంటికొస్తుంది. చిక్కల్లా వేసవిలో వచ్చే రాక్ కచేరీలతోనే. స్టేజీ ఎక్కి, వేలమంది ముందు చేతులు చాచి, "సిద్ధమేనా?" అని ఒక్క కేక వేశాడంటే ఆ గొంతు ఆ జనానికి అంటుకుపోయేది. జనం వెళ్ళిపోయాక కూడా అక్కడే తచ్చాడేది. చిన్న హాలైతే ఒక రోజు, పెద్ద మైదానమైతే మూడు రోజులు. మోజు తీరాక దానంతటదే బస్సెక్కి ఇంటికొచ్చేది.

ఖాళీ సీట్లోంచి సన్నగా కూనిరాగం వినబడితే బస్సులో వాళ్ళు "ఉరుము గారి గొంతు, ఇంటికెళ్తున్నట్టుంది" అనుకుని పక్కకి జరిగేవాళ్ళు. కండక్టరు టికెట్టు అడిగేవాడు కాదు. రేడియో వాళ్ళు కచేరీ ఉందంటే ఆ తర్వాతి మూడు రోజుల కార్యక్రమం ముందే రికార్డు చేసి ఉంచుకునేవాళ్ళు. ఎవరి ఏర్పాట్లు వాళ్ళకున్నాయి. ఏ ఏర్పాటూ లేనిది ఇంట్లోవాళ్ళకే.

భార్య కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు సానబట్టేది. పొద్దస్తమానం మర రొద. ఇంటికొస్తే నాలుగు మాటలు వినాలని ఉండేది ఆవిడకి. ఇక కూతురు. ఆ పిల్ల ఏడేళ్ళప్పుడు సైకిలు మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకుంది. ఆయన రాత్రంతా పక్కన కూర్చుని తల నిమురుతూనే ఉన్నాడు. "ఏదో ఒకటి చెప్పు నాన్నా, నొప్పిగా ఉంది" అని అది ఏడుస్తుంటే నోరు తెరిచాడు, మూశాడు. ఆ వేళ ఆయన గొంతు ఊరవతల ఖాళీ మైదానంలో ఎవరూ లేని కుర్చీలకి జోకులు చెబుతోంది.

ఆ పిల్ల పెరిగి సిటీ బస్సు డ్రైవరైంది. రోజూ పొద్దున బస్సులో తండ్రి కార్యక్రమమే మోగేది. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకున్న ప్రయాణికులు, "ఇంట్లో కూడా ఇంతేనా అమ్మా, ఒకటే సందడా?" అని అడిగేవాళ్ళు.

"అడగకండి, చెవులకి చిల్లులే" అనేది ఆమె, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

తల్లి దగ్గర మాత్రం దాచేది కాదు. "ఊరందరికీ మాటలు పంచి మనకి సైగలు మిగిల్చాడు."

"నోట్లో మాట లేకపోయినా మీ నాన్న మనసులో ఏముందో నాకు తెలుసులేవే."

"తెలిస్తే ప్రతిసారీ ఎలా జరిగిందని ఎందుకడుగుతావు?"

తల్లి కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. "అడగాలిగా" అంది.

ఆ ఏడాది వేసవికి ముందు ఆవిడ మంచం పట్టింది. రక్తానికి సంబంధించిన జబ్బు. డాక్టరు ఏదీ దాచలేదు, కానీ ఈ వేసవికి భయం లేదని చెప్పాడు. ఉరుము ఒప్పుకున్న కచేరీలన్నీ ఒక్కొక్కటే మానేశాడు. ఒక్క పెద్ద రాక్ ఉత్సవం మాత్రం మిగిలింది. పద్దెనిమిదేళ్ళుగా ఆయనే నడిపిస్తున్నాడు. దానికీ రానని కబురు పంపబోతుంటే భార్యే ఆపింది.

"వెళ్ళిరండి. మీరిలా మంచం పక్కన కూర్చుని నా మొహం చూస్తుంటే నాకే భయమేస్తోంది."

"తక్కువ మాట్లాడతాను. ఒక్క రోజులో గొంతు వచ్చేస్తుంది. వచ్చాక అంతా చెబుతా" అన్నాడాయన.

"అంతా అంటే?"

"అంతా. ఎవడు ఏ పాట మర్చిపోయాడో, ఎవడి చొక్కా ఎలా ఉందో, మొదట్నించీ చివరిదాకా."

"చూద్దాం" అని నవ్విందావిడ.

ఆదివారం మధ్యాహ్నం ఎండ మండిపోతోంది. మైదానంలో ముప్పై వేలమంది. ఆయన అన్నమాట ప్రకారమే మైకు ముందుకొచ్చి బ్యాండు పేరు మాత్రం చెప్పి పక్కకి తప్పుకుంటున్నాడు. "ఉరుముకి ఇవాళ జలుబు చేసిందా?" అని జనం గోల చేశారు. ఆయన చెయ్యి ఊపి ఊరుకున్నాడు. మూడు బ్యాండులు అలా గడిచాయి.

నాలుగోది పెద్ద బ్యాండు. సగం జనం వచ్చింది వాళ్ళ కోసమే. వాళ్ళ బండి దారిలో ఆగిపోయింది. అరగంటైంది, గంటైంది. ఇంతలో వాళ్ళు ఎడమవైపు గేటు దగ్గర దిగారని ఎవరో పుకారు పుట్టించారు. వెనకున్న వాళ్ళు ముందుకు తోశారు. ముందున్న వాళ్ళకి పోవడానికి చోటు లేదు. సౌండతను పరుగెత్తుకొచ్చాడు.

"అన్నా, ఎడమ పక్క కంచె ఒరుగుతోంది. ముందు వరసలో పిల్లలున్నారు."

ఆయన చూశాడు. కంచె దగ్గర ఒకమ్మాయి నోరు తెరిచి అరుస్తోంది, అరుపు బయటికి రావడం లేదు. ఊపిరి అందడం లేదని అర్థమైంది. ఆ క్షణంలో భార్య గుర్తుకొచ్చిందో లేదో ఆయనకే తెలియదు. మైకు అందుకున్నాడు.

ముందు నవ్వాడు. అద్దాలు అదిరే ఆ నవ్వు విని జనం ఒక్క క్షణం ఆగారు. ఆ ఒక్క క్షణం చాలు ఆయనకి.

"అందరికంటే వెనక ఉన్నవాళ్ళు వినండి. మీతోనే మాట్లాడుతున్నా. ముందున్న వాళ్ళకి ఇప్పుడు మీరే దిక్కు. ఒక్క అడుగు వెనక్కి. అంతే. అబ్బ, ఎంత బాగా నడుస్తున్నారు! ఇంకొక్కటి. భయపడకండి, నేనిక్కడే ఉన్నాను."

అలా అడుగు తర్వాత అడుగు, వరస తర్వాత వరస. వెనకవాళ్ళు సర్దుకున్నాక మధ్యవాళ్ళు, వాళ్ళ తర్వాత ముందువాళ్ళు. పిల్లల్ని చేతుల మీదుగా స్టేజీ మీదకి అందించారు. చివరికి ముప్పై వేలమందినీ నేల మీద కూర్చోబెట్టాడు. కూర్చున్న జనం మళ్ళీ లేవకుండా కబుర్లు చెప్పాడు, పాడాడు, పక్కవాళ్ళని పలకరించమన్నాడు. రెండు గంటలు ఊపిరి తిప్పుకోకుండా మాట్లాడాడు. పెద్ద బ్యాండు వచ్చింది, వాయించింది, జనం ఇళ్ళకి వెళ్ళారు. ఒక్కరికీ ఏమీ కాలేదు. చెప్పులు పోయినవాళ్ళు మాత్రం చాలామంది.

స్టేజీ దిగేసరికి ఆయన గొంతులో గాలి తప్ప ఏమీ లేదు. ఇన్నేళ్ళలో అంతలా ఎప్పుడూ ఖర్చుకాలేదు. ఇది మూడు రోజుల్లో తిరిగొచ్చే వరస కాదని ఆయనకి తెలిసిపోయింది.

డాక్టరు లెక్క తప్పింది. మంగళవారం ఉదయం ఆవిణ్ణి ఆసుపత్రిలో చేర్చారు. బుధవారానికి మాట సన్నబడింది. కిటికీ పక్క మంచం. అటువైపు కూతురు, ఇటువైపు ఆయన.

"ఎలా జరిగిందండీ?" అని అడిగిందావిడ.

ఆయన రెండు బొటనవేళ్ళూ ఎత్తాడు.

"అంతా చెబుతానన్నారుగా."

ఆయన నోరు తెరిచాడు. మెడ నరాలు ఉబ్బాయి. ఏమీ రాలేదు. ఆవిడ "సర్లెండి, తర్వాత చెబుదురుగాని" అని కళ్ళు మూసుకుంది. డ్యూటీ డాక్టరు కూతుర్ని వరండాలోకి పిలిచి, సాయంత్రం దాకా ఉంటే గొప్ప అని చెప్పింది.

కూతురు లోపలికొచ్చి తండ్రి వంక చూసింది. ఇరవయ్యేళ్ళుగా దాచుకున్న కోపం నోటి చివరిదాకా వచ్చింది. ఆయన చొక్కా బొత్తాలు తప్పుగా పెట్టుకుని ఉన్నాడు. ఆ మొహం చూశాక ఆమె వెనక్కి తిరిగి బయటికి నడిచింది.

ఆమె బస్సు వీధి చివర స్టాపులోనే ఉంది. ఆ పూట నడుపుతున్న డ్రైవరు విషయం వినగానే సీటు దిగి పక్కకి నిలబడ్డాడు. ఆమె స్టీరింగు పట్టుకుని లోపలికి తిరిగి చెప్పింది. "బండి దారి తప్పుతోంది. మైదానానికెళ్ళి మా నాన్న గొంతుని ఎక్కించుకుని ఆసుపత్రికెళ్తుంది. మా అమ్మకి టైము లేదు. తొందర ఉన్నవాళ్ళు దిగొచ్చు."

ఆరుగురున్నారు. ఒక్కరూ లేవలేదు. కూరగాయల సంచితో ఉన్న ముసలావిడ, "పోనీ తల్లీ, పోనీ" అంది.

మైదానంలో కూలీలు స్టేజీ ఇనప గొట్టాలు విప్పి లారీకెత్తుతున్నారు. ఆమె ఇంతవరకూ తండ్రి కచేరీకి ఒక్కసారీ రాలేదు. ఎటు వెళ్ళాలో తెలియక నిలబడితే వాచ్‌మన్ చెయ్యి చూపించాడు. "ఆ ఎడమ పక్క, కంచె దగ్గరుందమ్మా. మూడు రోజులుగా అదే మాట. పాపం, ఎవరూ లేరని దానికి తెలిసినట్టు లేదు."

నలిగిన గడ్డి, తెగిన చెప్పులు, ఒరిగిన కంచె. ఆ కంచె పక్కన, మనిషి నిలువెత్తులో, బొంగురుపోయిన గొంతు.

"ఒక్క అడుగు వెనక్కి. భయపడకండి, నేనిక్కడే ఉన్నాను. అలా కూర్చోండి. నేనిక్కడే ఉన్నాను."

ఆమె జీవితమంతా ఎదురుచూసిన మాట అది. ఎవరెవరి కోసమో చెప్పిన మాట. అయినా వింటూ కాసేపు అలా నిలబడిపోయింది.

"నాన్నా" అంది చివరికి. "వాళ్ళంతా క్షేమంగా ఇళ్ళకెళ్ళిపోయారు. ఎవరికీ ఏమీ కాలేదు. అమ్మ పిలుస్తోంది. రా."

గొంతు ఆగింది. ఎండలో ఎక్కడో గొట్టం పడిన చప్పుడు. తర్వాత ఆమె వెనకే బస్సు మెట్టు కిర్రుమంది. ముసలావిడ సంచి తీసి ఒళ్ళో పెట్టుకుని, పక్క సీటు ఖాళీ చేసింది. దారి పొడుగునా డ్రైవరు సీటు వెనక అలిసిపోయిన మనిషి ఊపిరి ఒక్కటే వినబడుతూ వచ్చింది.

ఆసుపత్రి గదిలోకి గొంతు వచ్చిన సంగతి ఉరుముకి వెంటనే తెలిసింది. లేచి నిలబడి, నోరు తెరిచి, పిల్లవాడు మందు కోసం ఆగినట్టు ఆగాడు. అది ఆయన్ని దాటుకుని పోయింది. మంచం పక్కన, దిండు దగ్గర ఆగింది.

"ఏమేవ్" అంది.

ఆవిడ కళ్ళు తెరిచింది. భర్త వైపు కాదు, మాట వినబడిన వైపు తిరిగింది. "ఊఁ, చెప్పండి."

"మొదటి బ్యాండు వాడు చొక్కా తిరగేసి తొడుక్కొచ్చాడు. కుట్లన్నీ బయటికే. ఎవరమూ చెప్పలేదు."

"అయ్యో, చెప్పాల్సింది."

"రెండో బ్యాండు అమ్మాయి పాటలో రెండో చరణం మర్చిపోయి మొదటిదే రెండుసార్లు పాడింది. జనానికి తెలియలేదు. నాకూ, ఆ డ్రమ్ముల కుర్రాడికీ తెలుసు. వాడు నా వంక చూసి కన్ను కొట్టాడు..."

అలా చెప్పుకుపోయింది. ఎండ సంగతి చెప్పింది, బండి ఆగిపోవడం చెప్పింది, ఒరుగుతున్న కంచె దగ్గర ఊపిరాడని అమ్మాయి గురించి చెప్పింది. ఆ అమ్మాయి స్టేజీ మీదకి చేరాక అడిగిన మొదటి మాట "నా సంచీ ఏది?" అని చెబితే ఆవిడ నవ్వింది. ఆ నవ్వుకి దగ్గొచ్చింది. కూతురు పట్టుకుని లేపింది. "తర్వాత?" అందావిడ. ఉరుము మంచానికి ఇటువైపు కూర్చుని, భార్య చెయ్యి పట్టుకుని, తన కబురు తనే వింటున్నాడు. పక్క మంచాల వాళ్ళు రేడియో కట్టేశారు.

ఆదివారం సంగతులు అయిపోయాయి. గొంతు ఆగలేదు. కిందటేటి ఉత్సవంలోకి వెళ్ళింది, అక్కణ్ణుంచి దానికి ముందేడాదిలోకి. సాయంత్రం నాలుగవుతుండగా, ఎప్పుడో పాతికేళ్ళ కిందటి ఒక చిన్న హాలు గురించి చెబుతోంది. "ఆ రోజు వానకి కరెంటు పోయింది. మైకు లేదు. ఉన్నది నలభై మంది. నేనేం చేశానంటే..."

ఆవిడ "ఊఁ" అనలేదు.

గొంతు కాసేపు ఆగింది. "వింటున్నావా?" అంది. మరోసారి, మెల్లగా, "వింటున్నావా?" అంది. అదే ఆఖరు.

డాక్టరు వచ్చి సమయం రాసుకుంది. ఉరుము నోరు తెరుచుకుని చీకటిపడే దాకా అక్కడే కూర్చున్నాడు. మర్నాడూ, ఆ పై వారమూ ఎదురుచూశారు. బస్సుల్లో కండక్టర్లు ఖాళీ సీట్ల దగ్గర చెవి పెట్టి చూశారు. మైదానంలో వాచ్‌మన్ కంచె వెంట తిరిగి చూశాడు. ఎక్కడా లేదు. ఆవిడతో వెళ్ళిపోయిందని అందరికీ అర్థమైంది. కబురు మధ్యలో ఉంది కదా, వెళ్ళక ఏం చేస్తుంది.

పాత రికార్డులు ఆయన సమయంలోనే వేస్తామని రేడియో వాళ్ళు వచ్చి అడిగారు. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఇప్పుడాయన అక్కడే, వెనక గదిలో, పాటల డిస్కులు తుడిచి అరల్లో సర్దే పని చేస్తున్నాడు. ఏడింటికి కొత్త అమ్మాయి మాట్లాడుతుంది. బాగానే మాట్లాడుతుంది.

ఇంట్లో రెండు నెలలు ఎవరి పళ్ళెం వాళ్ళు కడుక్కున్నారు. ఒక సాయంత్రం కూతురు డ్యూటీ దిగి వచ్చేసరికి ఆయన వంట చేసి, రెండు పళ్ళేలు పెట్టి, బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. ఆమె చేతులు కడుక్కుని ఎదురుగా కూర్చుంది. నాలుగు ముద్దలు తిన్నాక, ఎందుకో చెయ్యి ఆపింది.

"ఇవాళ బస్సులో ఒకాయన పెద్ద నిలువుటద్దం ఎక్కించాడు నాన్నా" అంది. "మనిషికంటే పెద్దది. వద్దంటే వినడు. ఇక చూడు, ఎక్కిన ప్రతివాళ్ళూ అందులో చూసుకుని జుట్టు సవరించుకోవడమే. స్టాపు వచ్చినా దిగరు..."

ఆయన కుర్చీ కాస్త ముందుకు జరుపుకున్నాడు.