మింగని రొట్టె

మా అల్లుడి దృష్టిలో రొట్టె శత్రువు. మాది రొట్టెల బట్టీ. కాబట్టి ఇంట్లో ఎటు తిరిగినా అతనికి శత్రువులే ఎదురయ్యేవారు. వాళ్ళందరిలోకీ పెద్ద శత్రువును నేను.

అల్లుడంటే మా తమ్ముడి అల్లుడు. వ్యాయామశాలలో జనం చేత బరువులు ఎత్తిస్తాడు. వేరే ఇల్లు చూసుకునేదాకా అని చెప్పి, భార్యతో సహా బట్టీ పైగదిలో దిగాడు. మేనకోడలు తల్లి పోయిన పిల్ల. తమ్ముడికి అదొక్కతే లోకం. వాడికి షుగర్ ఉంది, పొట్ట కూడా ఉంది. వచ్చీ రాగానే అది తండ్రి ముందు కూర్చుని తేల్చేసింది.

"నాన్నా, నువ్వు ఆయన చెప్పినట్టు తింటేనే మేం ఇక్కడుంటాం. అమ్మ పోవడం చూశాను. నువ్వు పోతుంటే కూడా చూస్తూ కూర్చోలేను."

వాడు తల ఊపాడు. కూతురు ఉండిపోతానంటే వాడు ఇటుకముక్కలైనా నమిలేవాడు.

ఆ రోజు నుంచి వాడి కంచంలో గింజ, దుంప, పండు అన్నీ వెలి. గుడ్లు, మాంసం, ఆకులు మాత్రమే. మేకకీ పులికీ కలిపి వడ్డించినట్టుండేది. షుగర్ మాత్రలు మాత్రం ఎప్పటిలాగే వేసుకునేవాడు. వాటి గురించి అల్లుడు అడగలేదు, వాడు చెప్పలేదు.

అయితే బట్టీలో ఒక పద్ధతి ఉంది. ప్రతి వాయిలోనూ ఒక రొట్టె విరిచి, నడిమి ముక్క కాల్చినవాడే నమిలి చూడాలి. ఉప్పు సరిపోయిందా, లోపల పచ్చిగా ఉందా అన్నది నాలుక చెప్పవలసిందే. మా తమ్ముడు ఆ పద్ధతి వదలలేదు, కూతురికిచ్చిన మాటా తప్పలేదు. ముక్క నమిలి, బూడిద డబ్బాలో ఉమ్మేసేవాడు. అలాంటి తెలివి రొట్టెలవాడికి తప్ప మరెవరికీ పుట్టదు. వేడి రొట్టె నోట్లో పెట్టుకుని మింగకుండా నిలబడిన వాడి మొహం చూస్తే నాకు అల్లుడి గొంతు నులమాలనిపించేది.

"చిక్కిపోతున్నాడు, కనపడటం లేదా?" అన్నాను ఒకరోజు అల్లుడితో.

"చిక్కడానికేగా అత్తయ్యగారూ ఇదంతా. పిండిపదార్థం, అదే కార్బ్, అంటే చక్కెరే. రొట్టె అన్నా చక్కెరే, దుంప అన్నా చక్కెరే."

"అన్నీ ఒకటే ఎలా అవుతాయి? పొట్టుతో ఉన్న గోధుమ నెమ్మదిగా అరుగుతుంది. చిక్కుడు గింజ ఇంకా నెమ్మది. చక్కెర నీళ్ళు గబగబా ఒంట్లోకి ఎక్కేస్తాయి. మెదడు నడిచేది కూడా గ్లూకోజుతోనే అని చదివాను. నీది ఎందుకు ఆగిపోయిందో ఇప్పుడర్థమైంది."

"రొట్టెలు చుట్టే కాగితాల మీద చదివారా?"

"అవును. నువ్వు అదైనా చదవాల్సింది."

మెట్ల మీద నుంచి మేనకోడలు అందుకుంది. "రోజూ పొద్దున్నే నాన్నకి తీపి బన్నులు పెట్టింది ఎవరత్తా? అప్పుడేమైంది నీ చదువు?"

 అది నిజమే కాబట్టి ఇంకా మండింది. వీధి తలుపు ధడాలున వేసి లోపలికొచ్చాను.

మర్నాడు రెండో వాయి దించుతుంటే తమ్ముడి చేతులు వణికాయి. చొక్కా తడిసిపోయింది. బట్టీ ముందు చెమట మామూలే గానీ, ఈ చెమట చల్లగా ఉంది. "ఏరా?" అంటే వాడు నన్ను ఎవరో రొట్టెలు కొనడానికొచ్చినావిడను చూసినట్టు చూసి, "ఇంకా కాల్లేదండీ" అన్నాడు. అంతలోనే కూలబడ్డాడు. మోచేతి కింద కాలే ట్రే అంచు చుర్రుమంది. స్పృహ ఉంది, మింగగలుగుతున్నాడు. చక్కెర కలిపిన నీళ్ళు పట్టించాను. పైనుంచి దిగిన అల్లుడు గ్లాసు చూసి, "చక్కెర ఇస్తున్నారా" అన్నాడు. చెప్పకూడని మాట ఒకటి అన్నాను. అతను వెళ్ళి ఆటో తెచ్చాడు.

క్లినిక్‌లో డాక్టరమ్మ చేతికి కట్టు కట్టిస్తూ మా అందరినీ గోడకు నిలబెట్టినట్టు నిలబెట్టింది.

"పిండిపదార్థాలు మొత్తం మానిపించి, మాత్ర అదే మోతాదులో వేయించారా? ఎవరినడిగి? షుగర్ పడిపోయింది అందుకే."

అల్లుడు నేల చూశాడు. నా మొహంలో ఏం కనిపించిందో, ఆవిడ నా వైపు తిరిగింది. "అంతకుముందు ఏం తినేవారమ్మా?"

"తీపి బన్నులు."

"ఎన్ని?"

"ఆకలి తీరేదాకా."

"సరిపోయింది. ఒకరు ముంచారు, ఒకరు ఎండబెట్టారు." ఆవిడ గొంతు పెంచలేదు. "పిండిపదార్థం ఒంటికి ఇంధనం. బట్టీ ముందు నిలబడే మనిషికి అది కావాలి. కంచంలో సగం కూరగాయలు. పావు వంతు పప్పో, గుడ్డో, మాంసమో. మిగతా పావు పొట్టుతో ఉన్న గోధుమ రొట్టె, రెండు ముక్కలు. పండు పండులాగే తినాలి, రసం తీయకూడదు. మైదా, చక్కెర బాగా తగ్గాలి. మాత్ర నేను మారుస్తాను. ఇక నన్నడక్కుండా ఏదీ ఆపొద్దు."

ఆ సాయంత్రం ఆవిడ చెప్పినట్టే కంచం సర్ది తమ్ముడి ముందు పెట్టాను. పొట్టు గోధుమ రొట్టె రెండు ముక్కలు పక్కన పెట్టాను. అల్లుడు చెయ్యి చాచి ఆ ముక్కలు తన వైపు జరుపుకున్నాడు.

"ఇంకో డాక్టర్ని అడుగుదాం మావయ్యా. ఒక్క రోజు ఆగండి."

"కంచంలో చెయ్యి తియ్యి" అన్నాను.

"చూశావా నాన్నా? ఈవిడ ఆయన్ని కుక్కలా అదిలిస్తుంది" అంది మేనకోడలు. దాని పెదవులు తెల్లబడ్డాయి. "నేను నీ మంచికే చెప్పాను. నేనేదో తప్పు చేసినట్టు మొహాలు పెడుతున్నారు. ఆయన మాటకి విలువ లేని ఇంట్లో నేనుండను. ఆ రొట్టె తిన్నావంటే రేపే వెళ్ళిపోతాం."

 ఈ ఇంట్లో సంచులు సర్దుకున్న వాళ్ళెవరూ మళ్ళీ ఉండటానికి రాలేదు. నా మాట ఒక్కటి వెనక్కి తీసుకుంటే చాలు, పిల్ల ఆగేది. నోరు తెరిచాను కూడా. కానీ తమ్ముడి చేతికున్న కట్టు కనిపించింది. కంచం వాడి దగ్గరికి జరిపాను.

తమ్ముడు కూతురి వైపు చూశాడు. తర్వాత ఎడంచేత్తో అల్లుడి ముందు నుంచి రొట్టె తీసుకున్నాడు.

"నాకు ఆకలేస్తోందమ్మా" అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం వాళ్ళు వెళ్ళారు. అల్లుడు నాకు వెళ్ళొస్తానని కూడా చెప్పలేదు. మేనకోడలు తండ్రి భుజం పట్టుకుని ఏడ్చింది, మాత్రలు మర్చిపోవద్దంది, నా పక్కనుంచి గోడ పక్కనుంచి వెళ్ళినట్టు వెళ్ళింది. సందు మలుపు తిరిగేదాకా వాడు గుమ్మంలో నిలబడ్డాడు. నేను లోపల కంచం పెట్టాను.

వాడు వచ్చి కూర్చున్నాడు. కూర, గింజలు, రెండు ముక్కలు అన్నీ తిన్నాడు. కంచం ముందుకు తోశాడు.

"తృప్తిగా ఉందా అక్కా?"

"లేదు."

"అయితే ఇంకో ముక్క వెయ్యి. వెళ్ళిపోయారుగా, ఇంకెవరికి భయపడాలి?"

"రెండే అంది డాక్టరమ్మ."

"నా పిల్ల వెళ్ళిపోయింది. నా బట్టీ, నా రొట్టె. వెయ్యమంటుంటే."

"వెయ్యను."

వాడు నా మొహంలోకి అసహ్యంగా చూశాడు. "నువ్వూ అల్లుడూ ఒకటే" అన్నాడు.

నేను రొట్టె డబ్బా నా వైపు లాక్కుని మూత పెట్టాను.