కారు వెనక కడ్డీ

ఆ కారు సీటు విప్పిన రోజు నేను అన్నం తినలేకపోయాను.

చాలా ఏళ్లుగా కర్నూలులో సీటు కవర్ల అంగడి నడుపుతున్నాను. ఆటోల్లో, జీపుల్లో, ట్రాక్టర్లలో మనుషులు ఏమేం వదిలిపెట్టి పోతారో నాకు కొత్త కాదు. కక్కినవి కడిగాను, పాన్ ఉమ్మిన దిండ్లు మార్చాను. కానీ ఆ పాతకాలపు అమెరికా కారు, ప్యాకార్డు, ఒక తరం పాటు గడ్డివామి పక్కన రేకుల కొట్టంలో పడి ఉంది. వెనక సీటు తోలు కోసేసరికి ఎలుకల గూళ్లు, ఎండిపోయిన ఎలుకపిల్లలు, పాము కుబుసం, గబ్బిలాల పెంట అన్నీ కలిసి నా ఒళ్లో పడ్డాయి. తలంటు పోసుకున్నా ఆ కంపు ముక్కును వదల్లేదు. ఇప్పుడు ఆలోచిస్తే ఆ కారు మొత్తంలో కాస్త శుభ్రంగా ఉన్నది ఆ పెంటేననిపిస్తుంది.

కారు హర్షవర్ధన్‌ది. కోయిలకుంట్ల దగ్గర ఎర్రమిట్టపల్లెలో వాళ్లది పెద్ద భూముల కుటుంబం. ఇప్పుడాయన కర్నూలులో నాపబండల వ్యాపారం చేస్తున్నాడు. మా నాయన ప్రేమయ్యదీ ఆ ఊరే. అయితే ఊళ్లో కాదు, ఊరి బయట చర్చి ఉన్న పేటలో. "మన ఊరి వాళ్లుండగా బయటోళ్లకెందుకు మేడమ్" అంటూ సీట్ల పని నాకిచ్చాడు. ఇంజిను పని మస్తాన్ వలీది.

హర్షవర్ధన్ రోజు మార్చి రోజు వచ్చేవాడు. మా అంగట్లో స్టూలు మీద కూర్చుని మా గ్లాసులోనే టీ తాగేవాడు. తాగుతున్నట్టు నాకు బాగా కనబడాలని గ్లాసు కాస్త పైకెత్తి మరీ తాగేవాడు. "మా ఇంట్లో కులం గిలం లేదు మేడమ్" అనేవాడు. అడగకుండానే చెప్పే మాట కాబట్టి నేనూ అడక్కుండానే ఊరుకునేదాన్ని. మర్యాదస్తుడే, కాదనను. నన్ను ఏనాడూ ఏకవచనంతో పిలవలేదు.

కర్నూలులో పాత కార్ల ఊరేగింపు జరగబోతోంది. అప్పటికల్లా ఈ కారు మెరవాలి. పక్కన ఒక బోర్డు పెట్టి దాని చరిత్ర రాయించాలి. ఆయన దగ్గరున్న చరిత్రంతా ఇంతే: వాళ్ల తాత, ఊరంతా పెద్దాయన అని పిలిచే మనిషి, మద్రాసులో ఒక తెల్లదొర దగ్గర ఈ కారు కొన్నాడు. జిల్లాలో ఇలాంటిది ఇంకొకటి లేదు. "ఇంకా ఏదన్నా ఉంటే బాగుండు మేడమ్. కారంటే ఒక కథ ఉండాల" అనేవాడు.

కథ కారు వెనకాలే ఉంది. మాకెవరికీ తెలియలేదు.

డిక్కీ కింద రెండు ఇనపపట్టీలు బయటికి వచ్చి, వాటి మీద అడ్డంగా ఒక లావుపాటి కడ్డీ ఉంది. కారు వెడల్పంతా ఉంది. కడ్డీ పొడవునా తోలు చుట్టి, సన్నటి తోలు దారంతో అల్లినట్టు కుట్టారు. ఇంటర్నెట్‌లో ఆ కారు బొమ్మలెన్ని చూసినా ఆ కడ్డీ ఎక్కడా లేదు. సామాన్లు కట్టుకోవడానికేమోనన్నాడు మస్తాన్. దొర ప్రత్యేకంగా చేయించుకుని ఉంటాడన్నాడు హర్షవర్ధన్. నాకు మాత్రం ఆ కుట్టు మీద మనసు పడింది. ఒక్కో ముడీ విప్పుతూ అది ఎలా నడిచిందో నేర్చుకున్నాను. కుట్టంతా ఎడమకు వాలి ఉంది. నాదీ ఎడమచేతి వాటమే కాబట్టి తొందరగానే పట్టుబడింది. ఏ దేశపు పనివాడో, ఎంత శ్రద్ధ అనుకుంటూ, ఆంబూరు నుంచి మెత్తటి తోలు తెప్పించి ఆ కడ్డీకి అదే కుట్టు కుట్టాను. నా చేతి పని చూసుకుని నేనే మురిసిపోయాను. నా ముఖానికి మురిపెం ఒకటి.

ఆదివారం చర్చికని ఎర్రమిట్టపల్లె పోయినప్పుడు పాత తోలు ముక్కొకటి సంచిలో వేసుకుపోయాను. మా జేజి, అంటే నాయనమ్మ, విశ్వాసమ్మకు చూపిద్దామని. ఆమె పుట్టింట్లోనూ మెట్టినింట్లోనూ ఒకప్పుడు తోలుపని చేసేవాళ్లు. జేజికి చూపు సరిగా ఆనదు. ముక్కను వేళ్లతో తడిమింది, వాసన చూసింది.

"ఇది యాడిది పాపా?"

"పెద్దాయన కారుది జేజీ. ఎనక కడ్డీకి ఉండె."

"ఇది మా మామ కుట్టిన తోలు" అంది జేజి.

నేను నవ్వాను. జేజి నవ్వలేదు.

"నేను కాపురానికొచ్చిన యాడాదే ఆ బండి ఇంజిను చచ్చిపోయె. సామాన్లు యాడా దొరకల్యా. పెద్దాయనకేమో నడిచేది నామోషి. అందుకని మన పేటోళ్లను పిలిపిస్తాండె. ఆయప్ప కోటేసుకోని లోపల కూచ్చోని చక్రం తిప్పుతాడు, మనోళ్లు ఆరుగురు ఎనకనుంచి నెడతారు. పెండ్లికీ అదే, తిర్నాలకీ అదే. కుందూ ఏటి కాడికి గాలికి పోవాలన్నా అదే."

చింత చచ్చినా పులుపు చావదంటారు. ఇంజిను లేని కారులో కోటు వేసుకుని, వీధివెంట జనాన్ని చూస్తూ, ఆరుగురు మనుషుల ఊపిరితో ఏటిగాలికి పోతున్న మనిషిని తలుచుకుంటే నాకు మొదట నవ్వే వచ్చింది.

"మరి కడ్డీ ఎందుకు జేజీ?"

"నెట్టాలంటే బండి మీద చేతులు పెట్టాల గదా. మన చేతులు తగిలితే మైలంట. కమ్మరోనితో కడ్డీ ఏపిచ్చె. కడ్డీ మనది, బండి వాళ్లది. ఎండాకాలం ఇనుము కాగి మీ తాత అరచేతులు బొబ్బలెక్కె. ముద్ద కలుపుకోలేక నన్ను తినిపీమనె. కొడుకు చేతులు సూడల్యాక మా మామ దున్నపోతు తోలు చుట్టి కుట్టె. మా మామ ఎడంచేతోడు. సూడు, కుట్టంతా ఎడమకే వాలుండాది."

లేచి పోయి చేతులు కడుక్కున్నాను. ఎందుకు కడుక్కున్నానో నాకే తెలియదు. ఏ దొరల దేశపు పనితనమో అనుకుని మెచ్చుకున్నది మా ముత్తాత కుట్టు. అది అలంకారం కాదు, కొడుకు చేతులకు కట్టిన కట్టు. దాన్ని విప్పి పారేసి, పైన మెరుగు పెట్టి ఇచ్చినదాన్ని నేను.

మర్నాడే హర్షవర్ధన్‌కు చెప్పాను. సిగ్గుపడతాడనుకున్నాను. కనీసం ఆ టీ గ్లాసన్నా కింద పెడతాడనుకున్నాను. ఆయన కళ్లు వెలిగిపోయాయి.

"ఇంత కథ ఉందా! మేడమ్, ఇది బంగారం. ఊరేగింపులో అట్లనే చేద్దాం. ఇంజిను ఆపేసి, చివర్లో పేట వాళ్లతోనే నెట్టిద్దాం. తెల్ల పంచెలు, ఎర్ర తలపాగలు నేను కుట్టిస్తా. రాష్ట్రంలో ఎవరి దగ్గరా ఇట్లాంటిది ఉండదు."

"సార్, అది మైలని పెట్టిన కడ్డీ."

"అప్పటి కాలం మేడమ్ అది. ఇప్పుడెవరు పట్టించుకుంటాండారు? పెద్దాయనంటే పేట వాళ్లకు ఎంత ప్రేముంటే నెట్టి ఉంటారు, అట్ల చూడండి."

నాకు ఎలుకల గూళ్లు ఒళ్లో పడ్డ రోజు గుర్తొచ్చింది. ఆ కంపు కడిగితే ఎప్పటికైనా పోతుంది. ఇది నవ్వుతూ, మర్యాదగా, మేడమ్ మేడమ్ అంటూ ఎదురుగా కూర్చుని టీ తాగుతోంది. పైన పటారం, లోన లొటారం.

అంతకన్నా రోత ఇంట్లో ఎదురైంది. నేను ఊరికి పోయి చెప్పేలోపే హర్షవర్ధన్ మా నాయనకు ఫోన్ చేశాడు. నాయన చర్చి సంఘపెద్ద. మా చర్చి నేల ఇప్పటికీ మట్టిదే. హర్షవర్ధన్ చర్చికంతా పాలిష్ బండలు పరిపిస్తానన్నాడట. నాయన తాను నెట్టడానికి ఒప్పుకుని, ఇంకో అయిదుగురిని కూడా మాట్లాడిపెట్టాడు.

"నీకు రోషం లేదా నాయనా?" అన్నాను.

"రోషంతో నేలకు బండలు రావమ్మా. ఈ కొస నుంచి ఆ కొసకు నెట్టేదే గదా. నాటకం అనుకో."

"మీ నాయన చేతులు బొబ్బలెక్కిన కడ్డీ అది."

"ఆయన పట్టుకునింది ఉత్త ఇనుము. ఇప్పుడు నువ్వు మెత్తటి తోలు చుట్టినావు గదా" అన్నాడు నాయన.

తిట్టి ఉంటే భరించేదాన్ని. నాయన మామూలుగా, నా పనిని మెచ్చుకుంటూనే అన్నాడు. ఆ మాటతో నాకు ఒకటి తేలిపోయింది. లోకం ఏమైనా కానీ, ఆ బోర్డు మీద ఏమైనా రాసుకోనీ, మా నాయన చేతులు మాత్రం ఆ కడ్డీ మీద పడకూడదు. నేను కుట్టిన తోలు మీద అసలే పడకూడదు.

ఊరేగింపుకు ముందురోజు సీట్లు బిగించే పని మీద హర్షవర్ధన్ గోడౌన్‌కు పోయాను. కారు నల్లగా, ముఖం చూసుకోవచ్చనేట్టుగా మెరుస్తోంది. బోల్టులు విప్పమని మస్తాన్‌తో చెప్పాను. మస్తాన్ ఎందుకని అడగలేదు. కడ్డీని ఆటోలో వేసుకుని అంగడికి తెచ్చి, పాత ట్రాక్టరు సీట్ల వెనకాల పడేశాను.

మరుసటి రోజు మైదానంలో కారు పక్కన బోర్డు నిలబెట్టారు. 'పేట ప్రజలు తమ పెద్దాయనను ప్రేమతో ఊరేగించిన కారు' అని రాసి ఉంది. చదివి అక్కడే ఉమ్మేద్దామనిపించింది. జేజిని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి శాలువా కప్పి, ఆమె భుజం మీద చెయ్యేసి హర్షవర్ధన్ ఫోటోలు దిగాడు. జేజి ఆ శాలువాను వేళ్లతో తడిమి, "పాలిస్టరు" అంది. మా నాయనా, మిగతా అయిదుగురూ ఎర్ర తలపాగలు చుట్టుకుని నిలబడ్డారు. నాయన తలకు అది కాస్త వదులుగా ఉంది. నేను చూడలేక చూపు తిప్పుకున్నాను.

హర్షవర్ధన్ కారు వెనక్కి వచ్చి ఆగిపోయాడు.

"కడ్డీ ఏది?"

"నా అంగట్లో ఉంది."

"ఏమే, తమాషాగా ఉందా నీకు?"

మేడమ్ అంతవరకే. పెద్దగా దూరం పోలేదు పాపం.

"మా జేజి చెప్పింది కదా సార్. కడ్డీ మాది, బండి మీది. మాది మేం తీసుకున్నాం" అన్నాను.

ఆయన ముఖం కందగడ్డ అయింది. కానీ ఫోన్లు పట్టుకున్న వాళ్లు, మైకు పట్టుకున్న వాళ్లు ఎదురు చూస్తున్నారు. పళ్లు బిగించి వెళ్లి కారులో కూర్చున్నాడు. వాళ్ల తాత కోటులాంటిదే కోటు కుట్టించుకున్నాడు. కిటికీలోంచి చెయ్యి బయట పెట్టి, కానియ్యండి అన్నట్టు ఊపాడు.

నాయన డిక్కీ వెనక నిలబడి ఒకసారి నా వైపు చూశాడు. అక్కడ పట్టుకోవడానికి ఏమీ లేదు. నల్లటి నున్నటి రేకు, అందులో తన ముఖం. రెండు అరచేతులూ దాని మీద ఆనించాడు. మిగతావాళ్లూ ఆనించారు. కారు కదిలింది.

"చేతులు! చేతులు తియ్యండ్రా! బండిని ముట్టుకోకండ్రా!"

అద్దంలో చూసి హర్షవర్ధన్ పెట్టిన కేక అది. చేతులు కిందికి దిగాయి. కారు ఒక్క అడుగు ముందుకు దొర్లి ఆగింది. హర్షవర్ధన్ గబగబా దిగి వచ్చాడు.

"పెయింటు... కొత్త పెయింటు, గీతలు పడతాయని..."

నిజమే. ఆయన పెయింటు గురించే అన్నాడు, నేను అబద్ధం చెప్పను. కానీ కుర్చీలో కూర్చున్న మా జేజి, కళ్లు సరిగా కనబడని మనిషి, ఆ కేక వచ్చిన వైపు తల తిప్పి పళ్లు లేని నోటితో నవ్వింది.

"పెద్దాయన గొంతే. అచ్చం ఆయప్పే!"

నల్లటి డిక్కీ మీద పన్నెండు అరచేతుల అచ్చులు చెమటతో మెరుస్తున్నాయి. హర్షవర్ధన్ జేబులోంచి మెత్తటి పసుపు గుడ్డ తీసి నాయనకు అందించాడు.

"ఏం కాలేదులే ప్రేమయ్యా. దీంతో తుడిచేయ్."

నాయన గుడ్డ అందుకున్నాడు. తలపాగా విప్పి డిక్కీ మీద పెట్టాడు. తర్వాత ఆ గుడ్డతో తన చేతులు తుడుచుకున్నాడు. ఒక్కో వేలూ, వేళ్ల సందులూ, అరచెయ్యి, వెనకవైపు, చచ్చిన గొడ్డును ముట్టుకున్నవాడిలా నిదానంగా తుడుచుకుని, గుడ్డను కిటికీలోంచి నేను కుట్టిన సీటు మీదికి విసిరాడు.

"చర్చికి బండలొద్దులేయ్యా" అన్నాడు. "మోకాళ్లకు మట్టే మెత్తగుంటాది."

మిగతా అయిదుగురూ తలపాగలు విప్పడం మొదలుపెట్టారు. నేను జేజిని లేవదీసి ఆటో దగ్గరికి నడిపించాను. శాలువా కుర్చీలోనే ఉండిపోయింది. వెనక్కి వెళ్లి తేలేదు.