సూర్యుడొచ్చాక

కపితొలీనా యెగోరొవ్నా కళ్ళజోళ్ళ రబ్బరు పట్టీలను ఒక్కొక్కటే లాగి చూస్తోంది. వదులైన వాటికి ముడి వేసి పళ్ళతో బిగిస్తోంది. నల్లద్దాలను స్పిరిట్ అద్దిన దూదితో తుడిచి మేకులకు తగిలిస్తోంది. బారెడు పొద్దెక్కాల్సిన వేళ, కిటికీలో మాత్రం అర్ధరాత్రే. శీతాకాలం మొదట్లో కొండ వెనక్కి దిగిన సూర్యుడు ఇంకా తిరిగి రాలేదు. ధ్రువం దగ్గరి ఆ గని ఊళ్ళో ఇది ఏటా ఉండేదే కనక దాని గురించి ఎవరూ మాట్లాడుకోరు. ఊరికే ఒకరి మీద ఒకరు విసుక్కుంటారు.

ఊళ్ళో కనపడని రోజుల్లో సూర్యుడు బాలవాడి మేడ మీది ఈ గదిలోనే ఉంటాడని పిల్లల నమ్మకం. గది నడుమ ఇనప కాలు మీద నిలబెట్టిన దీపం ఉంది. దాని చుట్టూ నేల మీద సుద్దతో గీసిన గుండ్రటి గీత. మీట నొక్కితే దీపం కాసేపు గొణిగి, నీలం కలిసిన తెల్లటి వెలుగు చిమ్ముతుంది. పిడుగు పడ్డాక వచ్చే వాసన గదంతా నిండుతుంది. ఒంటి మీద చెడ్డీలు, కళ్ళకు నల్ల జోళ్ళతో పిల్లలు చేయీ చేయీ పట్టుకుని గీత మీద నిలబడతారు. ఎండ తగలక ఎముకలు మెత్తబడకుండా ప్రభుత్వం ఇచ్చిన ఎండ అది. దాన్ని పంచిపెట్టే ఉద్యోగం పిల్లలు కాపా మామ్మ అని పిలిచే ఈ కపితొలీనాది.

"ఇవాళ ఏ ఊరి ఎండ మామ్మా?" అడిగింది తోమా అనే చిన్నది.

"నల్ల సముద్రం ఒడ్డు."

"నిన్న కూడా అదేగా."

"నిన్న అక్కడ మబ్బు పట్టింది. ఇవాళ చూడు, ఎండ ఎట్లా కాస్తోందో. ఇక తిరగండి, వీపులు కూడా కాల్చుకోండి."

ఆ సముద్రాన్ని ఆవిడ ఎన్నడూ చూడలేదు. అంతమాత్రాన దాని గురించి చెప్పడానికి జంకేదీ లేదు. దేని గురించైనా సరే, కాపా నీళ్ళు నమలగా చూసినవాళ్ళు లేరు. పొట్టిగా, గుండ్రంగా ఉంటుంది. చలికి పగిలిన చేతులు, నవ్వితే మెరిసే బంగారు పన్ను, మడమ దగ్గర కత్తిరించి చెప్పుల్లా చేసుకున్న ఉన్ని బూట్లు. ఈ ఏడు మాత్రం మేడ మెట్ల మధ్యలో ఆగి, గోడ మీది రంగు ఎక్కడెక్కడ ఊడిందో చూస్తున్నట్టు నటిస్తోంది. ఎడమ చెయ్యి లాగుతోంది. మంచు మొదలైన రోజుల్లోనే డాక్టరమ్మ గుండె మీద గొట్టం పెట్టి విని, రైలెక్కి పట్నం పెద్దాసుపత్రికి పొమ్మంది. ఆ సాయంత్రమే కాపా గుడ్డసంచి సర్దేసింది కూడా. చెప్పులు, తువ్వాలు, ఎనామెల్ కప్పు, పంచదార బిళ్ళలు. సర్ది, దీపం గది అలమరలో పెట్టింది. రోగి కావడం సూర్యుడొచ్చాక చూసుకుందామనుకుంది.

ఎందుకంటే ఆవిడకో సూత్రం ఉంది. చీకట్లో తీసుకున్న నిర్ణయం చెల్లదు. ఈ చీకటి రోజుల్లోనే మొగుడూ పెళ్ళాలు విడాకులకు తయారవుతారు, మేకుల్లాంటి మగవాళ్ళు మంచం దిగనంటారు, కొన్న సోఫాని సగం ధరకి అమ్ముకుంటారు. వెలుగొచ్చాక ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకోలేక చస్తారు. ఆవిడా ఒకప్పుడు తక్కువ తినలేదు. కొత్త కోడలిగా వచ్చిన రెండో చలికాలం ట్రంకుపెట్టె ఈడ్చుకుంటూ స్టేషను దాకా వెళ్ళింది. గనిలోంచి అలాగే మసిమొహంతో వచ్చిన మొగుడు ఫ్యోదర్ ఆమెను బతిమాలలేదు. సూర్యుడొచ్చేదాకా ఆగు, అప్పుడూ పోవాలనుంటే పెట్టె నేనే మోస్తానన్నాడు. సూర్యుడొచ్చాడు. అందాకా స్టేషన్లోనే ఉన్న ఆ పెట్టెను ఆయన ఇంటికి మోశాడు. ఆయన పోయి చాలా ఏళ్ళయినా ఆ మాట మాత్రం ఊరంతా ఆవిడ మాటగానే చలామణీ అవుతోంది.

పిల్లలు చెంచాడేసి చేపనూనె మింగి మొహాలు చిట్లిస్తుండగా, చిన్నపిల్లల పంతులమ్మ ఇన్నా గుమ్మంలోకి వచ్చింది. కోటు తొడుక్కుని ఉంది. చేతిలో సూట్‌కేసు. చదువవగానే ప్రభుత్వం ఇక్కడికి పంపిన పిల్ల. ఆప్రికాట్ తోటల దేశం ఆమెది. వారం నుంచీ జుట్టు దువ్వుకోవడం లేదని, పిల్లలు పిలిచినా వినపడనట్టు కూర్చుంటోందని వంటావిడ గ్లాషా ముందే చెప్పింది. సాయంత్రం రైలుకి వెళ్ళిపోతున్నానంది ఇన్నా. మాట చెప్పి పోదామనే వచ్చిందట.

కాపా ఆ పిల్ల చేతిలోంచి సూట్‌కేసు లాక్కుని, మోసుకుపోయి అలమరలో పడేసి, తాళం వేసి, చెవి ఏప్రన్ జేబులో వేసుకుంది. ఆ నాలుగడుగులకే ఊపిరి అందక అలమర తలుపుకి ఆనుకుంది. పైకి మాత్రం అలమరకి కాపలా కాస్తున్నట్టే నిలబడింది.

తర్వాత కాపా ఆ పిల్ల పని పట్టింది. కోటు విప్పించి, కళ్ళజోడు పెట్టి దీపం ముందు నిలబెట్టింది. చేపనూనె పోసింది. పిల్లల కంటే ఎక్కువ మొహం చిట్లించినందుకు వెక్కిరించింది. ఏడుపొస్తే ఉల్లిపాయలు తరుగుతూ ఏడిస్తే పనైనా అవుతుందని చెప్పి వంటింట్లోకి తోసింది. మధ్యాహ్నం ఆకాశం నీలంగా తెల్లబడే ఆ కాస్త సేపూ ఎవరూ ఇంట్లో ఉండకూడదన్నది ఆవిడ చట్టం. ఉన్ని శాలువాలు చుట్టుకున్న పిల్లల్ని మంచు మీద జారే స్లెడ్జి బండ్ల మీద కూర్చోబెట్టి అందరూ వీధిన పడ్డారు. మంచు కిర్రుమంటోంది. కొండ మీద ఓ మూల గులాబీ రంగు వచ్చి ఉంది. ఇన్నా దాన్ని చూసి, కళ్ళు దించేసుకుంది.

"చీకటి నా లోపలికి దూరింది అత్తా."

"దూరుతుంది. నాలోకీ దూరింది, గ్లాషాలోకీ దూరింది. అద్దె కట్టకుండా ఉండే మనిషే అది. సూర్యుడొస్తే మెడబట్టి గెంటుతాడు. అందాకా నువ్వు అన్నం తిని, జుట్టు దువ్వుకుని, బయట తిరుగు. అంతకంటే ఎవరూ ఏం చెయ్యలేదు ఇక్కడ."

"మరి మీరు?" అంది ఇన్నా. "అలమరలో మీ సంచి చూశాను. డాక్టరు పొమ్మన్నారట కదా. గ్లాషా చెప్పింది."

"అదీ సూర్యుడొచ్చాకే."

"అది నిర్ణయమా అత్తా, భయమా?"

కాపా బంగారు పన్ను కనపడేలా నవ్వబోయి, నవ్వలేకపోయింది. ఇన్నేళ్ళలో ఆవిడ్ని ఆ మాట అడిగినవాళ్ళు లేరు. నిజానికి ఆవిడకి భయమే. పట్నం అంటే, తెల్లటి మంచాలంటే, తిరిగి రాకపోతే దీపం ఎవరు వెలిగిస్తారన్న ఆలోచనంటే వణుకు. ఆ భయానికి సూత్రం అని పేరు పెట్టుకుని తిరుగుతోందని అప్పుడే తట్టింది. స్లెడ్జి తాడు చేతికి చుట్టుకుంటూ కాసేపు నడిచింది.

"సరే, బేరం," అంది చివరికి. "ఆదివారం సూర్యుడొస్తాడు. అందాకా నువ్వు కదలకు. సోమవారం నేను రైలెక్కుతాను. ఎక్కకపోతే నా సంచి నువ్వే తెచ్చి నన్ను రైల్లోకి తొయ్యి."

ఇద్దరూ ఉన్ని చేతితొడుగులతోనే చెయ్యి కలుపుకున్నారు.

సాయంత్రం పిల్లల్ని తల్లులు తీసుకుపోయారు. ఇన్నా వాళ్ళతో పాటే తన గదికి వెళ్ళింది, చిన్నపిల్లల చేతులు పట్టుకుని. కాపా దీపం మీద గుడ్డ కప్పింది. కళ్ళజోళ్ళు మేకులకు ఉన్నాయో లేదో చూసుకుంది. ఏప్రన్ విప్పి తలుపు వెనక తగిలించి, బూట్లు మార్చుకుందామని కుర్చీలో కూర్చుంది. దూరంగా రైలు కూత వినపడింది. ఆ రైల్లో ఇన్నా లేదు. కాపాకి ఎంత సంతోషం కలిగిందంటే, ఒక్కతే ఉన్న గదిలో పైకే నవ్వింది. ఎడమ చెయ్యి బాగా బరువెక్కింది. కాస్త ఆగి లేద్దామనుకుంది.

టీకి పిలవడానికి వచ్చిన గ్లాషా ఆవిడ నిద్రపోతోందనుకుంది. ఒక బూటు కాలికి ఉంది, రెండోది ఒళ్ళో ఉంది. మొహం మీద గెలిచిన మనిషి నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు.

ఆదివారం కాపా లేకుండానే ఊరంతా కొండెక్కింది. గ్లాషా పాన్‌కేకులు పంచుతూ ఏడ్చింది, ఏడుస్తూనే ఎవరికి రెండోది ఇచ్చిందో గుర్తుపెట్టుకుంది. ఎదుటి కొండ అంచున ఎర్రటి గీత వచ్చింది, గోరంత వెడల్పయింది, టీ చల్లారేలోపు పోయింది. మామ్మ సూర్యుడి కంటే ఇది చిన్నదని తోమా ఫిర్యాదు చేసింది. ఇన్నా ఆ పిల్లని ఎత్తుకుని చూపిస్తోంది. ఉండాలా పోవాలా అని ఆ క్షణంలో తేల్చుకోవాలని వారమంతా అనుకుంది. కొండ దిగుతుంటే గానీ, ఆ ప్రశ్న వేసుకోవడమే మర్చిపోయినట్టు ఆమెకు గుర్తురాలేదు.

సోమవారం ఇన్నా పొద్దున్నే వచ్చి తలుపు వెనక ఏప్రన్ జేబులోంచి తాళంచెవి తీసుకుంది. సూట్‌కేసు తీసి తన గదికి పంపించేసింది. కళ్ళజోళ్ళు తుడిచింది, ఒక పట్టీకి ముడి వేసి పళ్ళతో బిగించింది. పిల్లలు గీత మీదికి వచ్చేసరికి అలమర తలుపు ఇంకా తెరిచే ఉంది. లోపల, పట్నం రైలుకి తయారై, మూతి దగ్గర ఎనామెల్ కప్పు పిడి బయటికి పెట్టుకుని, గుడ్డసంచి కూర్చుని ఉంది.