మా ఇంటి కర్బన లక్ష్యం

మన దేశం 2020 నాటికి కర్బన ఉద్గారాల తీవ్రతను 2005తో పోలిస్తే పాతిక శాతం దాకా తగ్గిస్తుందని 2009 డిసెంబరులో పేపర్లో చదివాను. సత్తుపల్లిలో మోటార్ల వైండింగ్ షాపు నడుపుకునే నాకు ఎక్కడలేని ఆవేశం వచ్చింది. మధ్యాహ్నం అన్నం తింటూ, మన ఇల్లు కూడా పాతిక శాతం తగ్గించాల్సిందేనని ప్రకటించాను.

పదో తరగతి చదివే నా కూతురు సైమా వెంటనే నోట్‌బుక్ తెచ్చుకుంది.

"2005లో మనకు బండే లేదు అబ్బాజాన్. ఇప్పుడు మన ఇంటి పొగల సగం దానిదే. రెండు గల్లీల అవతలున్న చాయ్ హోటల్‌కు కూడా దాని మీదనే పోతున్నవ్" అంది.

"దేశం లెక్క వేరే ఉంటది బిడ్డా. పొగ పెరిగినా పర్వాలేదు, సంపాదన అంతకన్నా జల్దీ పెరగాలె."

"మరి మీ సంపాదన పెరిగిందా?" అని నా భార్య బద్రున్నీసా వంటింట్లోంచి అడిగింది.

మర్నాడు నడిచి బయల్దేరాను. మొదటి గల్లీ దాటేసరికే ఆయాసంతో ఎవరిదో అరుగు మీద కూలబడ్డాను. ఎలాగో హోటల్ చేరి, అక్కడ అరగంటసేపు భూతాపం గురించి అందరికీ చెప్పాను. నా దోస్తు దూలయ్య ఓపిగ్గా విని, "నడవలేకపోతున్నవ్ గదా భాయ్, ఎక్కు" అని తన పాత బండి మీద ఇంటి దగ్గర దింపాడు. దాని పొగకు మా వీధంతా దగ్గింది.

ఆ పొగ దూలయ్య ఇంటి లెక్కలోకి వస్తుందని గుమ్మంలో నిలబడ్డ సైమాకు వివరించాను. అప్పటి నుంచి దూలయ్యే నన్ను రోజూ తిప్పుతున్నాడు. మా ఇల్లు నెల తిరక్కుండానే లక్ష్యం చేరుకుంది.