సఫూరా ఊదిన పత్తి పింజ

రేపు ఒంగోలు వెళ్ళేలోపు చేయాల్సిన పనులు: పాత ఎక్స్‌రేలు వెతికి సంచిలో పెట్టాలి. వసారాలోని మిర్చి బస్తాలు బాబాయి వాళ్ళ కొట్టంలోకి మార్పించాలి. కల్లంలో ఎండుతున్న కాయల మీద పట్టా కప్పాలి. పీల్చే మందు, దాని గొట్టం చేతికందేలా ఉంచాలి. సఫూరాకి గట్టిగా ఊదడం నేర్పాలి.

నా భయమంతా ఆ చివరి పని గురించే.

సఫూరా మా నజీర్ అన్నయ్య కూతురు. ఏడేళ్ళది. ఏడాదిన్నర పిల్లప్పుడు నిమోనియా ముదిరి మిషను మీద బతికింది. ఇంటికి రాగానే గండం గడిచిందనుకున్నాం. కానీ ఆ తర్వాత వచ్చిన ప్రతి జలుబూ ఛాతీలోకి దిగుతూనే ఉంది. బడిలో పిల్లలు పరుగెడుతుంటే ఇది గోడకి ఆనుకుని నిలబడుతుంది. ఆ జబ్బు ఊపిరితిత్తుల్ని ఎంత దెబ్బతీసిందో ఇన్నాళ్ళూ కొలవలేదు. మరీ చిన్నపిల్లలు ఆ పరీక్ష గొట్టంలోకి చెప్పినట్టు ఊదలేరట. ఇప్పుడు ఊదగలదని డాక్టరుగారు రమ్మన్నారు. అన్నా వదినా కోతల్లో ఉన్నారు. ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కదాన్నే కాబట్టి ఆస్పత్రి పనులు నావి.

మా తాతలది దూదేకే పని. ఇంట్లో పత్తికి కొదవ లేదు. చాప మీద ఒక పింజ పెట్టి ఊదమన్నాను. అది జానెడు జరిగి ఆగింది.

"అత్తా, ఇంకొంచెం చిన్నది పెట్టవా?"

సగం తుంచి పెట్టాను. అదీ అక్కడే ఆగింది.

ఇంతలో పక్కింటి హనుమాయమ్మ గడపలోంచే కేకేసింది. "ఏమే సఫూరా, బుగ్గలొచ్చాయే! చచ్చి బతికిన పిల్లంటే ఎవరన్నా నమ్ముతారా!"

"నీ నోట్లో మన్నుబడ, ఆ కళ్ళు అటు తిప్పుకోవే," అంది మా అమ్మ ఖాదర్‌బీ. హనుమాయమ్మ నవ్వుకుంటూ పోయింది. అమ్మ మాత్రం నవ్వలేదు.

నేను కల్లంలో పట్టా కప్పి వచ్చేసరికి ఇంట్లో కుంపటి వెలిగి ఉంది. అమ్మ ఎండుమిరపకాయలు, రాళ్ళుప్పు పిల్ల చుట్టూ తిప్పి నిప్పుల్లో వేసేసింది.

"అమ్మా, ఏం పనే ఇది!"

"నీ బియ్యెస్సీలో దిష్టి పాఠం లేదులే. చూడు, ఘాటే రాలేదు. ఎంత దిష్టి తగిలిందో!" అంటూ ఇంకో గుప్పెడు వేసింది.

దిష్టి ఉంటే ఘాటు రాదని ఇక్కడి నమ్మకం. మిరపకాయల మధ్య పుట్టి పెరిగిన మా ముక్కులకి ఘాటెక్కడ తెలుస్తుంది? అమ్మకి తెలియలేదు. నాకూ తెలియలేదు. సఫూరాకి తెలిసింది.

దగ్గు కూడా రాలేదు. పిల్ల నోరు తెరిచింది, శబ్దం లేదు. గొంతు కింద గుంటపడింది. పక్కటెముకలు ఒక్కొక్కటీ బయటికి తేలాయి. నా చెయ్యి గట్టిగా పట్టుకుని నా మొహంలోకే చూస్తోంది. ఎత్తుకుని రోడ్డు మీదకి, గాలి వచ్చే వైపుకి పరుగెత్తాను. మందు, గొట్టం పట్టుకుని అమ్మ చెప్పుల్లేకుండా వెనకే వచ్చింది. ఒకసారి కొట్టాను. పీల్చలేదు. మళ్ళీ కొట్టాను. పెదవుల రంగు మారుతోంది. హనుమాయమ్మ ఎదురొచ్చిన ఆటోకి అడ్డంగా నిలబడి ఆపింది.

పర్చూరు ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టాక పిల్ల కళ్ళు మూసుకుంది. నిద్రపోయిందో, ఇంకేమన్నా అయిందో అని నేను దాని ఛాతీనే చూస్తూ కూర్చున్నాను.

"దాని ఊపిరి నిలబడాలనే కదే చేశాను," అంది అమ్మ.

పరీక్ష వాయిదా పడింది. పిల్ల బాగా కోలుకున్నాక ఒంగోలు తీసుకెళ్ళాను. కంప్యూటరులో కొవ్వొత్తుల బొమ్మలుంటే, అవి ఆరిపోయేలా గొట్టంలోకి ఊదమన్నారు. మొహం కందిపోయేదాకా ఊదింది. కొన్ని వెలుగుతూనే ఉన్నాయి.

"ఈ ఎత్తు పిల్లకి ఉండాల్సినంత ఊపిరి లేదమ్మా," అన్నారు డాక్టరుగారు. "పాత జబ్బు మచ్చలు పోవు. ఊపిరితిత్తులు ఇంకా పెరుగుతాయి గానీ, ఎంతవరకు అందుకుంటుందో ఇప్పుడే చెప్పలేను. పొగ తగిలిన ప్రతిసారీ పిల్ల వెనకబడుతుంది."

ఇంటికి రాగానే అమ్మ అడిగింది. "అన్నీ ఆర్పిందా?"

"లేదమ్మా."

అమ్మ కుంపటి తీసుకెళ్ళి పెంటకుప్ప మీద బోర్లించింది.

మా ఇంట్లో కుంపటి పోయింది. కానీ దిష్టి తీసే ఆదివారం వస్తే వీధిలో ఎవరింట్లో నిప్పుల మీద కాయలు పడతాయో అని ఇప్పటికీ తలుపులూ కిటికీలూ మూస్తుంటాను. మీరు ఏ ఊళ్ళో ఉన్నా సరే, బిడ్డ మీద ప్రేమతోనే గుప్పెట్లోకి మిరపకాయలు తీసుకుంటారు. అవి నిప్పుల్లో వేసే ముందు ఒక్కసారి సఫూరాని గుర్తుచేసుకోండి.