పదకొండు గంటల ఫోను

ఆసుపత్రి దుప్పట్లు మిషన్లోని వేడినీళ్ళలో గిరగిరా తిరుగుతున్నాయి. అతను గడియారం చూశాడు. పదకొండుకి అయిదు నిమిషాలు. రబ్బరు తొడుగులు విప్పి, మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని, ఉతికిన మూటల వెనక స్టూలు వేసుకుని, ఫోన్ ఎదురుగా నిలబెట్టుకున్నాడు.

ఇరవై రెండేళ్ళుగా ఈ గదిలో బట్టలుతికే పని. అందులో మొదటి నాలుగేళ్ళు పోను మిగతా పద్దెనిమిదేళ్ళూ తాగుతూనే గడిచాయి. మహమ్మారికి బ్రాందీ షాపులు మూసేసినప్పుడు ఒళ్ళంతా వణుకు పట్టుకుని పడిపోతే, భార్య ఎవరెవరినో అడిగి వేరే ఊళ్ళోని ఒక డాక్టరమ్మకి వీడియో కాల్ కలిపింది.

"ఏదీ, చేతులు చూపించు," అంది డాక్టరమ్మ ఆ రోజు.

"జాతకం చెప్తారా డాక్టరమ్మా?"

"జాతకం తర్వాత. ముందు వణుకెంతుందో చూడనీ."

రోజూ పదకొండింటికి ఆమె చూస్తుండగా మాత్ర మింగాలి, నాలుగు మాటలు చెప్పాలి. అంతే. నాడి పట్టింది లేదు, భుజం తట్టింది లేదు. అయినా అయిదు నెలల్లో చేతులు కుదురుకున్నాయి. మరిగే గిన్నె దింపమని భార్య ఇప్పుడు తననే పిలుస్తోంది. అరచేతంత తెరలోంచి ఇదంతా ఎలా జరిగిందో అతనికి ఇప్పటికీ అంతుబట్టదు.

వారంగా ఆమె మొహం కనిపించడం లేదు, గొంతొక్కటే. "నా వీడియో మొరాయిస్తోందయ్యా. నువ్వు నాకు కనిపిస్తున్నావులే," అంది. మాటకీ మాటకీ మధ్య ఆగుతోంది.

ఇవాళ తెరమీద ఎవరో నడివయసాయన.

"నేనూ డాక్టర్నే. మేడమ్ రోగుల్ని చూసే గదిలోంచి మాట్లాడుతున్నాను. ఆవిడ ఈ తెల్లవారుజామున పోయారు. ఆ మహమ్మారే సోకి వారం రోజులుగా వార్డులో ఆక్సిజన్ మీదే ఉన్నారు. పదకొండయితే మాస్కు పక్కకి జరిపి మీకు ఫోన్ చేసేవారు. నర్సులు వద్దన్నా వినలేదు."

మిషన్ ఆగింది. ఊపిరందని మనిషి, ఉన్న కాస్త ఊపిరీ కూడదీసుకుని తన బాగోగులు అడిగిందా? తనెవరని? మురికి దుప్పట్లు ఉతికేవాడు. చేతులు వాటంతటవే జోడయ్యాయి.

మరుక్షణం అతని చూపు గేటు వైపు పోయింది. గేటవతల బ్రాందీ షాపు ఒక్కటే ఇన్నాళ్ళూ మూసుంది; దాన్నీ నిన్ననే మళ్ళీ తెరిచారు.

"సార్, ఇప్పుడు తాగాలనిపిస్తోంది," అన్నాడు. అయిదు నెలల్లో ఎవరితోనూ ఆ మాట అనలేదు. "ఫోన్ పెట్టేయకండి."

"పెట్టను. మీరు లేచేదాకా ఇక్కడే కూర్చుంటా."

డాక్టరు కుర్చీ కొంచెం పక్కకి జరుపుకున్నాడు. అతని వెనక కిటికీ ఊచకి, వారం కిందట వానకి తడిసి డాక్టరమ్మ ఆరేసుకున్న, ఎప్పుడో ఆరిపోయినా ఇంకా ఎవరూ ముడవని గొడుగు వేలాడుతోంది.